తీగ వయస్సు

మా యింట్లో వీణ శ్రుతి తప్పితే ఆ నేరం ముందు నా మీదికే వస్తుంది. కిటికీ తీసింది నేనట. ఫాను వేసింది నేనట. బెజవాడ యెండను మాత్రం యెవరూ యేమీ అనరు. ఆయన యింటి అల్లుడు కాబోలు!

వీణ నూజివీడుది, పనసకర్రతో చేసింది. మా అత్తగారి సొత్తు. బెజవాడలో రేడియో కేంద్రం 1948 డిసెంబరు 1న ప్రారంభమయింది గదా, ఆ తరువాతి రోజుల్లో ఈమని శంకరశాస్త్రిగారి వీణ రేడియోలో వస్తే ఆవిడ పొయ్యి మీది పప్పు మాట మరిచిపోయేదట. ఆవిడ పోయి నాలుగేళ్ళయింది. అప్పటినుంచీ మా ఆవిడ సాయంత్రం కాగానే వీణ ముందు కూర్చుంటోంది గాని, వాయించడం కంటె బిరడలు తిప్పడమే యెక్కువ. సారణి, పంచమం కుదురుతాయి. తకరారంతా మంద్రంతోనూ, అనుమంద్రంతోనూ. వట్టి తీగ మీటితే బాగానే వుంటుంది. మెట్టు మీద నొక్కితే అపస్వరం.

"మైనం మెత్తబడింది. మేళం మళ్ళీ కట్టించాలి" అంది.

నమ్మదగ్గ మాటే. వీణకు 24 మెట్లు. అవి తేనెమైనంలో మసి కలిపి పోసిన దిమ్మ మీద నిలుస్తాయి. రోహిణీ కార్తెలో రోళ్ళే పగిలే వూళ్ళో మైనం సంగతి చెప్పాలా? అయితే ఆ మెట్లన్నీ చెవితో సరిచూసి నిలబెట్టేవాళ్ళు కరువు, మజూరీ చూస్తే బరువు. సరేనని డబ్బు సిద్ధం చేశాను.

ఆ సమయంలో పై వాటా కుర్రాడు దిగివచ్చాడు. కాలేజీ బృందంలో బాస్ గిటారు వాయిస్తాడు. వాడి వాయిద్యం నాకు మా పైకప్పు ద్వారానే పరిచయం.

"మెట్టు కదిలితే నాలుగు తీగలూ తప్పాలి గదా, పిన్నిగారూ? సారణి తప్పడంలేదే!" అన్నాడు.

నాకీ ముక్క తట్టనందుకు సిగ్గేసింది. వాడు మంద్రం తీగ మీద పన్నెండో మెట్టు దగ్గర, అంటే సరిగ్గా సగంలో, వేలు ఆనీ ఆనకుండా వుంచి మీటాడు. తరువాత అక్కడే నొక్కి మీటాడు. రెండూ వొకే స్వరం పలకాలి. పలకలేదు. సారణి మీద పలికాయి.

లావు తీగ వొంటి తీగ కాదట. లోపలి తీగకు సన్నని తీగ చుట్టలు చుట్టి చేస్తారు. మెట్ల మీద జారడానికి వేళ్ళకు రాసుకునే కొబ్బరినూనె, చెమట, దుమ్ము ఆ చుట్టల సందుల్లో చేరతాయి. నొక్కినచోటల్లా మెట్టు గాటు పెడుతుంది. స్వరం తీగ పొడవును, బిగువును, బరువును బట్టి గదా వుండేది. బరువు వొకచోట హెచ్చు, వొకచోట తగ్గు అయితే బిరడ యెంత తిప్పినా వట్టి తీగ కుదురుతుందే గాని మెట్లు కుదరవు.

"మేము పాతవి నీళ్ళలో మరగబెడతాం. మురికి వదిలి నాలుగు రోజులు పలుకుతాయి" అన్నాడు. చారులాగానన్న మాట! అమెరికాలో మోటౌన్ పాటలకు బాస్ వాయించిన జేమ్స్ జామర్సన్ మాత్రం తెగితే తప్ప తీగ మార్చేవాడు కాదట. ఆ మందమైన నాదమే ఆయనకు ఇష్టం కాబోలు.

కుర్రాడు వెళ్ళాక మా ఆవిడతో, "నాలుగు తీగలు కొంటే సరిపోయేదానికి..." అని మొదలెట్టాను.

"అవి అమ్మ కట్టిన తీగలు" అంది.

తప్పు తీగలదని ఆవిడకు మొదటినుంచీ తెలుసునని నాకప్పుడు అర్థమయింది. మారు మాట్లాడకుండా మేళానికి తీసిన డబ్బు బీరువాలో పెట్టేశాను.

మూడోనాడు నేను ఆఫీసు నుంచి వచ్చేసరికి కొత్త తీగలు మెరుస్తున్నాయి. తనే కట్టింది. పాతవి యెక్కడ దాచిందో నేనడగలేదు. కొత్తవి బిరడకు చుట్టుకుని బిగిసేదాకా కొన్నాళ్ళు దిగుతూనే వుంటాయని కుర్రాడు చెప్పివున్నాడు.

నిన్న అనుమంద్రం దిగింది. కిటికీ తీసింది నేనట.