ముంగిట నడచిన వేయి కిలోమీటర్లు

ఇల్లు కదలకయే దూరదేశమును నడచి దాటవచ్చునా? 2020వ సంవత్సరమున కరోనా వ్యాధి ప్రపంచమును గృహములలో బంధించినప్పుడు వేలమంది ఈ ప్రశ్నకు తమ పాదములతోనే సమాధానము చెప్పిరి. ఆ వృత్తాంతము వినోదమునకే గాక విచారమునకును తగినదని తలంచి, నేడు మేము పాఠకుల ముందుంచుచున్నాము.

అమెరికాలోని టెన్నెసీ రాష్ట్రమున బార్క్‌లీ మారథాన్ అను కఠినమైన కొండపరుగును నడపి పేరొందిన గ్యారీ కాంట్రెల్, లాజరస్ లేక్ అను మారుపేరుతో పరుగువారందరికి పరిచితుడు. ఆయన 2020 మే 1వ తేదీ నుండి ఆగస్టు 31వ తేదీ వరకు ఒక నూతనమైన పందెమును ఏర్పాటు చేసెను. టెన్నెసీ నైరుతి మూల నుండి ఈశాన్య మూల వరకు 1000 కిలోమీటర్లకు కొంచెము మించిన దారి. కాని ఎవరును ఆ రాష్ట్రమునకు పోనక్కరలేదు. ఎవరి యూరిలో వారు పరుగెత్తియో నడచియో, ఏనాటి దూరమును ఆనాడు కంప్యూటరు ద్వారా నమోదు చేసిన చాలును. పటముపై వారి గుర్తు అంతమేర ముందునకు జరుగును. దేశదేశముల నుండి 19 వేలకు పైగా జనులు ఇందు చేరిరి.

ఇందలి కష్టమును లెక్కవేసి చూడుడు. గడువు 123 దినములు. దినమునకు 8 కిలోమీటర్లకు పైగా నడచిననే గాని గమ్యము చేరదు. మిద్దె పొడవు 16 మీటర్లైనచో, 8 కిలోమీటర్లకు 500 మార్లు ఈ కొన నుండి ఆ కొనకు నడువవలెను. ఒకనాడు మానినచో మరునాడు 1000 మార్లు. కనుక ఇది వేగమునకు పరీక్ష కాదు, నియమమునకు పరీక్ష.

ఆ యేటనే ఫ్రాన్సు దేశమున తులూజ్ నగరము చెంత ఒకరు తన ఇంటి వసారాలో, 7 మీటర్ల పొడవున, అటునిటు తిరుగుచు 42 కిలోమీటర్ల మారథానును పూర్తిచేసిరి. ఇంగ్లాండులో నూరవ యేటికి చేరువైన కెప్టెన్ టామ్ మూర్ ఊతబండి పట్టుకొని, 25 మీటర్ల తోటదారిని 100 మార్లు నడచి, ఆరోగ్యసేవకుల సహాయార్థము 3 కోట్ల 20 లక్షల పౌనులకు మించిన నిధిని సమకూర్చెను. చోటు చిన్నదైనను సంకల్పము చిన్నది కానక్కరలేదని ఈ వృద్ధుడు నిరూపించెను.

ఇట్టి పందెములపై ఒక ఆక్షేపణ కలదు. చూచువారు లేరు గదా, నడువని దూరమును నడచినట్లు వ్రాసికొన్నచో అడ్డుకొనువారెవరని. నిజమే. కాని ఆ లెక్క తప్పైనచో మోసపోవువాడు వ్రాసినవాడే. సాక్షి యున్నప్పుడు సత్యము పలుకుట గొప్ప కాదు. సాక్షి లేనప్పుడు పలుకుటయే గొప్ప. కావున నిజముగ నడచి పొందిన పతకమును పరిహసించుట తగదని మా అభిప్రాయము.

అయినను ఒక మాట చెప్పక విడచుట న్యాయము కాదు. 2020 మార్చి 25 నుండి మన దేశమున రాకపోకలు నిలిచిపోగా, లక్షలాది వలసకూలీలు పతకము కొరకు గాక ప్రాణము కొరకు వందల కిలోమీటర్లు నడచిరి. తెలంగాణలో మిరప కోతలకు వచ్చినవారు అడవిదారులబట్టి ఛత్తీస్‌గఢ్‌నకు తరలిరి. వారి లెక్కను ఏ పటమును చూపలేదు. మిద్దెపై నడచినవారిని మెచ్చుకొనుట తప్పు కాదు. కాని వారిని మెచ్చుచు వీరిని మరచుట తప్పు. ఇంట నిలిచి నడువగల్గుటయే ఆనాడొక భాగ్యమని గుర్తింపవలెను.

ఈ మాట ఇతరులకంటె మనకు సులభముగ బోధపడవలెను. జీవనము వెదకికొనుచు స్వస్థలము విడచి వచ్చినవారి సంతానమే గదా మనము! షోలాపురము మగ్గముల కొరకు తెలంగాణ నుండి తరలిన పద్మశాలి కుటుంబముల కథ మన పాఠకులలో పలువురకు ఇంటికథయే. దారిలో నున్న కూలీకి ఒక పూట అన్నము, ఒక కుండ నీరు ఎంతటివో మన పెద్దలు చెప్పగా వినియే యున్నాము. మరియొకమారు అట్టి ఆపద వచ్చినచో, మన సంఘముల తలుపులు భాషాభేదము చూడక దారినపోవువారికి తెరచియుండవలెను.

ఇక నియమము మాట. నిర్బంధదినములలో మిద్దెపై నడక నేర్చినవారిలో ఎందరు నేటికిని నడచుచున్నారు? బెంగుళూరిలోనో, బరంపురములోనో, యానాములోనో ఇంట పిల్లలకు దినమొక పుట తెలుగు చదివింతుమని పూనినవారిలో ఎందరు నేటికిని చదివించుచున్నారు? రెండింటికిని శత్రువు ఒక్కటే: నేడు మానినను రేపు చూచికొందమను మాట. వేయి కిలోమీటర్లు ముగించినవారు ఒక్కదినమున ముగింపలేదు. నేటి 8 కిలోమీటర్లను నేడే నడచిరి. మనమును నేటి పుటను నేడే చదివింతము గాక!