మన పేర వున్న లెక్కను మనమే చూచుకొందాము



దీపావళి సరుకుకు నూలు, జరీ కొనుటకై బ్యాంకు ఋణమునకు దరఖాస్తు పెట్టుకొన్న మన సభ్యులు కొందరు వట్టి చేతులతో తిరిగివచ్చుట మేము చూస్తున్నాము. "మీ సిబిల్ బాగా లేదు" అని నోటిమాటగా చెప్పి పంపుతున్నారు. అందులో ఏమి వ్రాసి వున్నదో చెప్పినవారు చూపరు, విన్నవారు అడగరు. మరునాడు సావుకారు గుమ్మము ఎక్కుతారు, ఆయన చెప్పిన వడ్డీకి తల ఊపుతారు.

ఈ చెన్నపట్నములో 1730 తరువాతి సంవత్సరములలో కంపెనీవారు నేతగాళ్ళ కొరకు చింతాద్రిపేటను కట్టించిన నాటినుండి మన పని బయానాల మీద నడిచినదే. బయానా వ్రాసుకొనేది ఒకరు, తీర్చేది మనము, ఆ ఖాతా పుస్తకము మాత్రము ఎన్నడూ మన చేతికి రాలేదు. ఇప్పటి పుస్తకము అట్టిది కాదు. దానిని చూచే హక్కు మనకు చట్టమే ఇచ్చినది.

సిబిల్ అనేది ఒక సంస్థ పేరు. అటువంటివి మన దేశములో నాలుగు: ట్రాన్స్‌యూనియన్ సిబిల్, ఎక్స్‌పీరియన్, ఈక్విఫాక్స్, క్రిఫ్ హై మార్క్. ఇవి 2005 నాటి చట్టము క్రింద, రిజర్వు బ్యాంకు అజమాయిషీలో పనిచేస్తున్నవి. బ్యాంకులు, ఫైనాన్సు కంపెనీలు మన అప్పుల వివరములు వీటికి పంపుతాయి. వాటినిబట్టి 300 నుండి 900 వరకు మార్కు వేస్తారు. 2017 జనవరి 1 నుండి ఈ నాలుగు సంస్థలలో ప్రతి ఒక్కటీ ఏడాదికొకసారి పూర్తి నివేదికను ఉచితముగా ఇవ్వవలసి వున్నది. మన నివేదికను మనము చూచుకొన్నంత మాత్రాన మార్కు తగ్గదు. ఈ భయముతో వెనుకాడేవారు చాలామంది వున్నారు గనుక ప్రత్యేకించి వ్రాస్తున్నాము.

ఈ ఊరి తెలుగువారికి మరొక చిక్కు వున్నది. అరవవారి ఆచారము ప్రకారము పేరుకు ముందు తండ్రి పేరులోని పొడి అక్షరము వుంటుంది, మనకు ఇంటిపేరు. బడిలో చేర్చినప్పుడు అయ్యవారు తండ్రి అక్షరము వేస్తారు. రేషను కార్డులో అదే వస్తుంది. తాతగారి కాగితములలో ఇంటిపేరు వుంటుంది. పాన్ కార్డులో అక్షరమును విడదీసి తండ్రి పేరంతా వ్రాస్తారు, ఆధారులో మరొక విధముగా వుంటుంది. ఒకే వీధిలో ముగ్గురు సుబ్రహ్మణ్యములు, ముగ్గురికీ "కె." అనే అక్షరమే! ఒకరి అప్పు మరొకరి లెక్కలో పడుటకు ఇంతకంటె ఏమి కావాలి? లేదా ఒకే మనిషి లెక్క రెండుగా చీలిపోయి, సక్రమముగా కట్టిన అప్పు ఒకచోట, ఎగవేతగా కనిపించేది ఇంకొకచోట వుండవచ్చును. కావున నివేదిక చేతికి రాగానే మార్కు చూడకండి. మొదట పేరు, పుట్టిన తేదీ, పాన్ నంబరు, చిరునామా, సెల్ నంబరు చూడండి.

తరువాత ఒక్కొక్క అప్పు చదవండి. మీరు తీసుకోనిది వున్నదా? తీర్చివేసినది ఇంకా బాకీగా వున్నదా? బ్యాంకువారితో తగ్గింపునకు ఒప్పుకొని తీర్చిన అప్పు "సెటిల్డ్" అని వుంటుంది. అది "క్లోజ్‌డ్" అన్నదానితో సమానము కాదు, ముందు ముందు ఋణమిచ్చేవాడు దానిని మచ్చగానే చూస్తాడు. బావమరిదికో పొరుగువానికో జామీను పడినది కూడ మీ లెక్కలో కనిపిస్తుంది. ఆడవారు తీసుకొన్న గుంపు అప్పులు, ఇక్కడ కుళు లోను అంటారే అవి, నగలు పెట్టి బ్యాంకులో తెచ్చినవి, అన్నీ చూడవలసినవే. ఇంటి యజమాని నివేదిక ఒక్కటి తెప్పించి వూరకుంటే చాలదు.

అందులో కనిపించనిది కూడ ఒకటి వున్నది. ముప్పది ఏండ్లుగా సావుకారుకు, తాకట్టు కొట్టువారికి పైసా ఎగవేయక కట్టిన మన నిజాయితీ ఆ పుస్తకమునకు ఎక్కదు. మగ్గము మీద జీవితము గడిపినవాడు బ్యాంకు దృష్టిలో ఏ చరిత్రా లేనివాడు. ఇది అన్యాయమని మా అభిప్రాయము. అయితే చరిత్ర లేదన్న ఒక్క కారణముతో మొదటిసారి అడిగేవారి దరఖాస్తును త్రోసిపుచ్చరాదని రిజర్వు బ్యాంకు 2025 జనవరిలో బ్యాంకులకు తెలియజేసినది. 6 శాతము వడ్డీకని పెట్టిన నేత ముద్ర ఋణమునకు వెళ్ళేవారు ఈ మాట గుర్తుంచుకొని అడగాలి.

తప్పు కనిపిస్తే ఆ సంస్థకు గాని, అప్పు ఇచ్చిన బ్యాంకుకు గాని ఫిర్యాదు ఇవ్వవలెను. రుసుము లేదు. 30 రోజులలో పరిష్కరించకపోతే ఆపైన రోజుకు 100 రూపాయల చొప్పున పరిహారము ఇవ్వాలని 2024 ఏప్రిల్ 26 నుండి నియమము అమలులో వున్నది. అందుకే ఫిర్యాదు తేదీ, నంబరు వ్రాసి వుంచుకొనుట ముఖ్యము. అప్పటికీ పని జరగకపోతే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు వ్రాయవచ్చును. 2022 సెప్టెంబరు నుండి ఈ నాలుగు సంస్థలు కూడ ఆయన పరిధిలోకి వచ్చినవి.

మార్కు పెంచి ఇస్తామని డబ్బు అడిగే బ్రోకర్లు బయలుదేరినారు. నిజముగా వున్న బాకీని ఎవడూ చెరిపివేయలేడు. వారికి ఫోనులో వచ్చే ఓ.టి.పి. చెప్పుట ఇంటి తాళము ఇచ్చుటే.

ఇక బ్యాంకులవారితో మాకొక పేచీ వున్నది. నివేదికను చూచి ఋణము నిరాకరించినప్పుడు కారణమును వ్రాతమూలకముగా తెలిపి, ఆ నివేదిక నకలును కూడ ఇవ్వాలని నిబంధనలలోనే వున్నది. నోటిమాటతో పంపివేయుట చెల్లదు. మన సభ్యులు కౌంటరు వద్ద మర్యాదగానే, కాని గట్టిగా, ఆ కాగితము అడగాలి. ఇచ్చేవరకు మా సంఘము వారి వెంట వుంటుంది.

నివేదిక తెప్పించుకొనుట చేతకానివారు ఆధారు, పాన్ కార్డులు, అప్పు తీరినట్లు బ్యాంకువారిచ్చిన కాగితములు, తమ సెల్‌ఫోను తీసుకొని సాయంకాలము సంఘ కార్యాలయమునకు రావలెను. చదువుకొన్న మన పిల్లలు ఇద్దరు దగ్గర కూర్చుండి చూపిస్తారు. ఫోను తెచ్చుట మరువవద్దు, అది లేనిదే పని జరగదు.