రోగిపరిచర్యయు లెక్కలును

నందికొండ చెంతనున్న ముద్దేనహళ్లి మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారి జన్మస్థలము. వారి యింటిపేరు గిద్దలూరు ప్రాంతపు తెలుగు గ్రామమును నేటికిని స్మరింపజేయుచున్నది. 1912 మొదలు 1918 వఱకు మైసూరు దివానుగిరి నెఱపి, దేశమునకు ప్రణాళికాబద్ధమైన యార్థికవ్యవస్థ కావలెనని 1934 లో గ్రంథము వ్రాసిన మహాశయుడాయన. ఆ గ్రామముననే 2023 మార్చి 25 వ తేదీన, ఉచితముగ విద్యయు వైద్యమును నొసంగు వైద్యకళాశాల యొకటి ప్రారంభింపబడినది. ఆసుపత్రిలో మంచములెన్నియో, డాక్టర్లెందఱో ఎవరైనను చెప్పగలరు. రాత్రి రెండుగంటలవేళ రోగికి జరుగు పరిచర్య యెట్టిదో చెప్పు లెక్క యెచ్చట నున్నది?

ఈ ప్రశ్న క్రొత్తది కాదు. 1854 లో స్కుటారి సైనికాసుపత్రికి వెళ్లిన ఫ్లారెన్సు నైటింగేలు చేతిదీపమును లోకము మఱవలేదు. ఆమె లెక్కలను మఱచినది. గాయములచే మరణించిన సైనికులకంటె, నివారింపదగిన వ్యాధులచే మరణించినవారే మిక్కిలి యధికులని యామె అంకెలతోను, రంగుల పటములతోను నిరూపించినది. లండను గణాంకసంఘమున సభ్యత్వము పొందిన ప్రథమస్త్రీ యామెయే. గోదావరి యానకట్ట కట్టించిన కాటనుదొరతో ఉత్తరములు నడపి, కఱవు నివారణకు నీటిపారుదల కావలెనని యామె వాదించిన సంగతి మనవారిలో కొందఱికే తెలియును.

లెక్కయనగా రిజిస్టరు నింపుట మాత్రమే కాదు. రెండు వార్డులలో నెలకు నలుగురేసి రోగులకు పడకపుండ్లు పడినవనుకొందము. రోగులున్న దినములు మొదటి వార్డున మొత్తము నాలుగువందలు, రెండవదానియందు రెండువేలు. అనగా వేయి దినములకు మొదటిదానిలో పది, రెండవదానిలో రెండు. రోగిని వేళకు పక్కమార్చి పరుండబెట్టు పని యెచ్చట కుంటుపడుచున్నదో యీ భాగహారము సూచించును. ఇట్లే, జాఱిపడిన రోగుల వేళలను వ్రాసియుంచినచో, పెక్కుమంది తెల్లవాఱుజామున మరుగుదొడ్డికి లేచినవారేయని తేలవచ్చును. అట్టిచో ఆ వేళకు ముందుగా వార్డున నొక చుట్టు తిరిగిన మేలు. అందుకు యంత్రమేమియు నక్కఱలేదు.

అయినను అంకెలయందు మోసపోరాదు. 2010 లో కర్ణాటకమునందే యొక ప్రసవకేంద్రమున, ప్రపంచ ఆరోగ్యసంస్థవారి జాబితాను చేతబట్టి పనిచేసినపుడు, చేయవలసిన 29 పనులలో సగటున 10 మాత్రమే జరుగుచుండినవి 25 కు పెరిగినవి. చూచినవారు సంతసించిరి. పిమ్మట ఉత్తరప్రదేశమున 120 కేంద్రములలో లక్షన్నరకు పైబడిన తల్లులపై ఇదే పద్ధతిని పరీక్షించి 2017 లో ఫలితములను ప్రకటించిరి. పనులు మెఱుగుపడినవి, మరణములు మాత్రము తగ్గలేదు. పైగా శిక్షకులు వెడలిన పిదప ఆ మెఱుగును కొంత సన్నగిల్లినది. చేసిన పనిని లెక్కించి, రోగికి కలిగిన ఫలమును లెక్కింపకుండుట చాలదనుటకు ఇంతకంటె సాక్ష్యమేల?

ఇక నర్సుల మాట. బోధనాసుపత్రులలో ముగ్గురు రోగులకొకరు, ఇతర ఆసుపత్రులలో అయిదుగురికొకరు నర్సు ఉండవలెనని భారత నర్సింగు కౌన్సిలువారి ప్రమాణము. ఒక్కతె ఇరువదిమందిని చూచుకొనవలసిన వార్డున, పుండు పడినదని వ్రాసిన నర్సునే సంజాయిషీ యడిగినచో, మఱునెల పుండ్లు తగ్గును, రిజిస్టరులో మాత్రమే. తప్పును వ్రాసిన చేతిని దండించు అధికారి తన కన్నులను తానే మూసికొనుచున్నాడు.

మఱియొక చిక్కు. నొప్పిని సున్న మొదలు పదివఱకు అంకెలో చెప్పుమని నేడు రోగుల నడుగుచున్నారు. బాగేపల్లి, చింతామణి ప్రాంతముల పల్లెలనుండి వచ్చిన ముసలమ్మ “సలపతా ఉండాది తల్లీ” యనును. అడిగిన నర్సు మలయాళ దేశమునుండి వచ్చినదై, తెలుగుగాని కన్నడముగాని యింకను పట్టువడనిదైనచో, ఆ గడిలో పడు అంకె యెవరిది?

బెంగుళూరునందలి తెలుగు డాక్టర్లును, కంప్యూటరు నిపుణులును నందికొండకు ఆదివారపు విహారమునకు వచ్చుచునే యున్నారు. ఒక్కసారి వ్రాసినదానిని నాలుగు పుస్తకములలో మరల వ్రాయనక్కఱలేని యేర్పాటును, తెలుగు కన్నడములు రెంటను నొప్పి నడుగు పత్రమును సిద్ధపఱచుట వారికి కష్టము కాదు. గతమాసపు లెక్కలను పై కార్యాలయమునకు పంపుటకు ముందు ఆ వార్డు గోడమీదనే నర్సులకు కనబడునట్లు వ్రాయింపవలెను. దానిప్రక్కనే, ఆ మాసమున ఖాళీగానున్న నర్సు ఉద్యోగములెన్నియో ఆ సంఖ్యయు వ్రాయింపవలెను.