పగిలిన దూలమును బిగించుట

కాంక్రీటు దూలమున బీట కనబడినప్పుడు మనవారు సాధారణముగ చేయు పనులు రెండు. సున్నము పూసి మఱచుట యొకటి. భయపడి కట్టడమంతయు పడగొట్టుట మఱియొకటి. ఈ రెంటికి నడుమ వేఱొక మార్గము కలదు. కట్టడముల యజమానులు దానిని ముందుగా విచారింపవలెనని నా యభిప్రాయము.

కాంక్రీటు నొక్కుడుకు నిలుచును, లాగుడుకు నిలువదు. బరువునకు దూలము వంగినపుడు దాని యడుగుభాగము సాగును, బీటలచ్చటనే పుట్టును. ఆ యడుగున పలుచని కార్బను నార పట్టీని ఎపాక్సీ జిగురుతో నంటించుట యొక చికిత్స. స్విట్జర్లండు దేశమున లూసెర్ను నగర సమీపమందలి ఇబాఖు వంతెనకు, రాకపోకల దీపములను బిగించుటకై రంధ్రము తొలుచుచుండగా లోపలి బిగువుతీగలు కొన్ని తెగినవి. 1991వ సంవత్సరమున దాని నిట్లే బాగుచేసిరి. ఉక్కుపట్టీలైనచో 175 కిలోలు కావలసియుండగా కార్బను పట్టీలు 6.2 కిలోలే చాలినవి. మన పిల్లవాడొకడు చంకబెట్టుకొని పోగల బరువు!

అచ్చట పట్టీలను లాగక యంటించిరి. ఆ గాయమున కది చాలెను. అన్నిటికి చాలదు. ఊరక యంటించిన పట్టీ, అంటించు నాటికే దూలము మోయుచున్న బరువులో పాలుపంచుకొనదు. తరువాత వచ్చు బరువునకే పనిచేయును. దాని బలములో నధికభాగము వినియోగపడకమునుపే జిగురుపట్టు విడిపోవచ్చును. కావున పట్టీని ముందుగా జాకీతో లాగి, ఆ బిగువుననే యంటించి, కొనలను లోహపు బిళ్ళలతోను బోల్టులతోను బంధించి, పిమ్మట జాకీని విడుతురు. పట్టీ మరల కుఱుచ గాబోవుచు దూలపు టడుగును నొక్కును, బీటలు ముడుచుకొనును. కమ్మరి యినుపపట్టాను ఎఱ్ఱగ కాల్చి బండిచక్రమునకు తొడిగి నీరు పోయుట చూచినవారి కిది వింత గాదు. చల్లారిన పట్టా కఱ్ఱను బిగబట్టునట్లే యిదియును.

"వ్యయ మధికము గదా" యందురు. నిజమే. పనిముట్లు కావలెను, నేర్పరులు కావలెను; చిన్నబీట కింత పని యక్కఱలేదు. కాని వందలకొలది పిల్లలు కూర్చుండు గది దూలము వంగి, బీటలు విచ్చియున్నయెడల, ఊరక యంటించి తృప్తిపడుట నాకు సమ్మతము గాదు.

అయితే యింజనీరును రెండు సంగతులు గట్టిగ నడుగుడు. లోపలి యినుపకడ్డీలు త్రుప్పుపట్టినవా? త్రుప్పును తొలగింపక పైని పట్టీ వేయుట సున్నము పూయుటకంటె నేమంత మేలు? రెండవది: నిప్పంటుకొన్నచో జిగురు మెత్తబడి పట్టీ యూడిపోవచ్చును. అప్పుడు, లోపలివారు బయటపడువఱకైనను, దూలము తన సొంతబరువును మోయగలదా? నోటిమాట చాలదు, లెక్క వ్రాసి చూపుమనుడు.