సైకిలు వీరులకు ఒక మాట

రోజూ సైకిలు తొక్కి బడికి వచ్చే మీకు దమ్ము బాగానే ఉంటుంది. ట్రయత్లాన్ గురించి వినగానే, "సైకిలు వచ్చు, ఈత వచ్చు, పరుగెత్తడం ఎవరికి రాదు?" అని మీలో కొందరికి అనిపించవచ్చు. ఆ ఉత్సాహం మంచిదే. కాని విడివిడిగా మూడూ వచ్చినంత మాత్రాన శరీరం మూడింటికీ సిద్ధమైనట్లు కాదు.

ఈత, సైకిలు, పరుగు వరుసగా పూర్తిచేసే పోటీయే ట్రయత్లాన్. నేటి రూపంలో ఇది 1974లో అమెరికాలోని శాన్ డియాగోలో మొదలైంది. 2000లో సిడ్నీ ఒలింపిక్స్‌లో చేరింది. ఒలింపిక్స్‌లో 1.5 కి.మీ. ఈత, 40 కి.మీ. సైకిలు, 10 కి.మీ. పరుగు ఉంటాయి.

సైకిలు వల్ల గుండె, ఊపిరితిత్తులు బలపడతాయి. ఆ బలం పరుగుకూ పనికివస్తుంది. చిక్కల్లా ఎముకలతోనే. సైకిలు మీద మన బరువును చాలావరకు సీటు మోస్తుంది. పరుగులోనో, ప్రతి అడుగుకూ శరీర బరువుకు రెండు మూడు రెట్ల బలం కాలిమీద పడుతుంది. అంటే 40 కిలోల విద్యార్థి కాలు 80 నుంచి 120 కిలోల బరువు మోసినట్లే! మోసే భారాన్నిబట్టి ఎముక తన నిర్మాణాన్ని మార్చుకుంటుందని జర్మన్ శస్త్రవైద్యుడు జూలియస్ వుల్ఫ్ 1892లోనే వివరించాడు. కాని ఆ మార్పుకు నెలలు పడుతుంది. గుండె సత్తువ కొద్ది వారాల్లోనే పెరుగుతుంది. అందుకే సైకిలు వీరుడు మొదటి వారంలోనే మైళ్లకొద్దీ పరుగెత్తితే, ఊపిరి అందుతుంది గాని మోకాలి కింది ఎముక నొప్పి పెడుతుంది.

ఈత సంగతి వేరు. నీటి సాంద్రత గాలికంటే సుమారు 800 రెట్లు ఎక్కువ. కాళ్లు కిందికి వేలాడితే నీరు అడ్డుకుంటుంది. ఇక్కడ బలంకన్నా ఒడుపు ముఖ్యం. దాన్ని నేర్పేవారి దగ్గరే నేర్చుకోవాలి. బావిలో గాని, కాలువలో గాని ఒంటరిగా దిగవద్దు.

మరి సైకిలు మానాలా? అక్కరలేదు. "ఏదో ఒక్కటే పట్టుకో" అనే పెద్దలున్నారు. ఎదిగే వయసులో రకరకాల వ్యాయామాలే మేలని నా అభిప్రాయం. అయితే ఉన్నదానిమీద మిగతా రెండూ కుప్ప వేయకండి. బడికి తొక్కే సైకిలునే సాధనగా లెక్కించి, సాయంత్రం మళ్లీ తొక్కడం తగ్గించండి. మిగిలిన వేళలో వారానికి రెండు రోజులు ఈత, రెండు రోజులు కాసేపు నడక, కాసేపు పరుగు. ఒక రోజు పూర్తి విశ్రాంతి. విశ్రాంతి సోమరితనం కాదు. అలసిన కండరం బాగుపడి బలపడేది అప్పుడే. కొన్ని వారాలయ్యాక, సైకిలు దిగిన వెంటనే ఐదు నిమిషాలు పరుగెత్తి చూడండి. కాళ్లు బరువెక్కినట్లుంటాయి. ఆ మార్పును అలవాటు చేసుకోవడమూ సాధనలో భాగమే.

ఒక చిన్న ప్రయోగం చేయండి. ఉదయం లేవగానే, మంచం దిగకముందే, నిమిషానికి నాడి ఎన్నిసార్లు కొట్టుకుంటుందో లెక్కించి నోటుబుక్కులో రాయండి. ఏ రోజైనా అది మామూలుకన్నా బాగా ఎక్కువుంటే, ఆ రోజు సాధన ఆపండి. పోటీకి తొందరేమీ లేదు. మీ ఎముకలు ఇంకా పెరుగుతున్నాయి.