గొట్టానికి పడిన చిల్లు

మఠంపల్లి సిమెంటు ఫ్యాక్టరీల మండలం. గేట్లు, ట్రాక్టర్ ట్రాలీలు అతికే వెల్డింగ్ షాపులకు కొదవ లేదు. సొంతంగా సైకిల్ ఫ్రేమ్ చేద్దామని నేను మొదట వెళ్లింది అలాంటి షాపుకే. ఆర్క్ తగలగానే మిల్లీమీటరు మందం కూడా లేని గొట్టానికి చిల్లు పడింది. ‘ఇది గేటు కాదు సారూ’ అన్నాడు మేస్త్రి.

ఇత్తడితో అతికితే ఆ భయం తక్కువ. అది సుమారు 900 డిగ్రీలకే కరిగి సందులోకి పాకుతుంది. ఉక్కు కరగడానికి దాదాపు 1500 కావాలి. మంట కొన్నాళ్లకు చెప్పుచేతల్లోకి వస్తుంది. అసలు పరీక్ష ఆకురాయితోనే: గొట్టం చివరను చేప నోరులా అరగదీసి, పక్క గొట్టానికి వెలుతురు కూడా దూరకుండా కూర్చాలి. రైట్ సోదరులు విమానం కంటే ముందు సైకిళ్లే కట్టారు. వాళ్ల ఓపిక ఎక్కడిదో ఇప్పుడర్థమైంది.

అలాంటి ఓపిక కోరే చేతిపనులదే ఈ సంచిక. నా ఫ్రేమ్ మాత్రం పెరట్లో ఉంది, వెనక చక్రం కాస్త ఎడమకు లాగుతోంది.