చందమామలోని ‘చ’

పీకింగు నాటకం నేర్చుకునే పిల్లలకు కత్తి తిప్పడం, పిల్లిమొగ్గలు వేయడంతోబాటు ఒక వింత పాఠం కూడా వుంటుంది. చీనా భాషలో పూర్వం రెండుగా వుండిన కొన్ని ధ్వనులు పీకింగు వీధుల్లో ఏనాడో ఒకటైపోయాయి. నాలుక కొన పళ్ల వెనుక తాకించి పలికే ‘త్స’ వంటి ధ్వని, ‘ఇ’కారం ముందు వచ్చినచోట, ‘చ’లో కలిసిపోయింది. బజారులో ఇప్పుడు ఆ తేడా లేదు, రంగస్థలం మీద మాత్రం వుంది. మొదటిదాన్ని మొనధ్వని అనీ, రెండోదాన్ని గుండ్రటి ధ్వని అనీ అంటారు. ఏ మాటకు ఏ ధ్వనో పిల్లవాడు గురువు నోట విని కంఠతా పట్టవలసిందే. ఈ కాలపు నటులు కొందరు ఈ కట్టుబాటును కొంత సడలిస్తున్నారు; పెద్దలు గొణుగుతున్నారు. హాస్యగాడికి మాత్రం ఈ బాధ లేదు, అతడు హాయిగా పీకింగు వీధి భాషే మాట్లాడతాడు. మన సంస్కృత నాటకాలలో రాజుకు సంస్కృతం, విదూషకుడికి ప్రాకృతం ఇచ్చినట్టే!

చిత్రమేమిటంటే, ‘చ’ దగ్గర ఇటువంటి జంటే మనకూ వుంది. చెరువు, చీమ అన్నప్పటి ‘చ’ వేరు. చాప, చుక్క, చోటు అన్నప్పటి ‘చ’ వేరు. ఈ రెండోది పళ్ల దగ్గర పుడుతుంది. పాత పుస్తకాల్లో దాని నెత్తిన రెండంకె లాంటి గుర్తు పెట్టి ౘ అని అచ్చువేసేవారు. బ్రౌను దొర నిఘంటువులోనూ (1852) ఆ గుర్తు కనిపిస్తుంది. ‘జ’కూ ఇదే తీరు. జల్లెడ వేరు, జలం వేరు. సంస్కృతం నుంచి వచ్చిన మాటకు ఈ పళ్ల ధ్వని లేదు కనుక చంద్రుడిలో ఒక ‘చ’, చందమామలో మరొక ‘చ’. ఆకాశంలో వున్నది ఒకడే!

అయితే చీనావారికీ మనకూ ఒక భేదముంది. అక్కడ వీధి పోగొట్టుకున్నదాన్ని రంగం దాచింది. ఇక్కడ వీధి దాచుకున్నదాన్ని రంగం పోగొట్టుకుంటోంది. పొలం గట్టుమీది ముసలమ్మ ౘుక్క అని ఎంత శుభ్రంగా అంటుందో వినండి. తరవాత ఈనాటి యువనటుడి చేత అదే మాట అనిపించండి.

మా నిజామాబాదు జిల్లాలో ఈ విషయం చెవులారా వినవచ్చు. ఒకవైపు చిందు యక్షగానం. బోధన్ దగ్గర అమ్దాపూర్ నుంచి వచ్చిన చిందుల ఎల్లమ్మ (మరణం 2005) ఆడ వేషమూ, మగ వేషమూ కట్టి పేరు తెచ్చుకున్నది ఆ విద్యలోనే. ఆ కుటుంబాలలో పాఠం పుస్తకం నుంచి కాక నోటి నుంచి నోటికి వచ్చింది. మరొకవైపు నిజాంసాగర్ నీళ్లు (1931) పారిన తరవాత కృష్ణా, గుంటూరు సీమల నుంచి వచ్చి స్థిరపడిన రైతుల క్యాంపులున్నాయి. ఒకరిది ‘అచ్చిండు’, ఒకరిది ‘వచ్చాడు’. ఇద్దరూ పద్యం ఎత్తుకుంటే మాత్రం పుస్తకభాషే.

ఆ మధ్య ఒక పద్యనాటక పోటీకి ముగ్గురు న్యాయనిర్ణేతలలో ఒకడిగా కూర్చున్నాను. చిందు కుటుంబపు పిల్లవాడొకడు ధర్మరాజు వేశాడు. గొంతు బంగారం. కాని ‘దర్మరాజు’ అన్నాడు, ‘బీముడు’ అన్నాడు, జ్ఞానాన్ని ‘గ్నానం’ అన్నాడు. నా పక్కనున్న పెద్దమనిషి తప్పు వచ్చినప్పుడల్లా పెన్సిలుతో గీత గీశారు. తరవాత పట్నంలో చదువుకున్న యువకుడు వచ్చాడు. వొత్తులన్నీ ఠంచనుగా పలికాడు. చుక్క, చోటు, జాడ మాత్రం పాఠ్యపుస్తకంలో అక్షరం చూసి పలికినట్టే వున్నాయి. ఒక్క గీతా పడలేదు! బహుమతి ఆయనకే వెళ్లింది. నా మార్కులు వేరుగా వున్నా, ముగ్గురిలో ఇద్దరిదే పైమాట.

‘గ్నానం’ సంగతి ముందు చూద్దాం. మన ఛందస్సులో విశేషయతి అని ఒకటి వుంది. ‘జ్ఞ’కు క, గ మొదలైన వాటితో యతి చెల్లుతుందని లాక్షణికులు ఒప్పుకున్నారు. పూర్వకవుల నోట ‘గ్న’ పలకనిదే ఈ వెసులుబాటు ఎలా పుడుతుంది? ఆ గీత గీసేముందు కాస్త ఆలోచించవలసింది. ఇక వొత్తులు. పరవస్తు చిన్నయసూరి బాలవ్యాకరణంలో తెలుగుకు లెక్కగట్టిన వర్ణాలు 36. అందులో ఖ, ఘ లేవు. ధ, భ లేవు. శ, ష కూడా లేవు. ౘ, ౙ లు మాత్రం దర్జాగా చెరొక పీట వేసుకుని కూర్చున్నాయి. వ్యాకరణం పేరైనా వినివుండని ఆ పిల్లవాడి నోరు అచ్చంగా సూరిగారి పట్టిక! అయితే ధర్మరాజు సంస్కృతపు మాట, సంస్కృతానికి ధకారం వుంది. ఆమేరకు పెద్దమనిషిదీ న్యాయమే. ఒక నోట వొత్తులు లోపించాయి, మరొక నోట ౘ లోపించింది. మార్కులు పోయింది ఒకరికే.

రంగం మీద పలుకు ఎప్పుడూ ఒకచోట నిలబడలేదు లెండి. శకటరేఫ ఱ మన నోళ్లలో మామూలు ‘ర’లో కలిసిపోయి ఎన్నో తరాలైంది. ఏ మహానటుడూ దాన్ని వేరుగా పలకడం నేను వినలేదు. పెళ్లిలో నూటపదహార్లు చదివించేటప్పుడు ‘నూరు’ ‘నూట’గా మారడంలో దాని జాడ మిగిలింది, అంతే. మైకు లేని కాలంలో చివరి వరసవాడికి వినబడడానికి అచ్చులు సాగదీసేవారు. హల్లులు రాగంలో మునిగిపోయేవి. మైకు వచ్చినా రాగం మోజు వెంటనే తగ్గలేదు. రాగాన్ని అదుపులో పెట్టి మాట తెలిసేటట్టు పద్యం చదివాడని పీసపాటి నరసింహమూర్తికి (1920–2007) పేరు. ఇప్పటి పిల్లలు ఫోనులో పాత రికార్డులు విని నటుల గమకాన్ని దించేస్తారు గాని, వాళ్ల నాలుక ఎక్కడ తగిలిందో ఫోనులో కనబడదు కదా!

పోటీ అయ్యాక ఆ పిల్లవాడు నా దగ్గరికి వచ్చి, “సార్, ఒత్తులు నేర్చుకుంట గని, ఆయన చుక్కకు మార్కులెందుకు పోలే?” అన్నాడు. మా ధర్పల్లి పేరే చూడు నాయనా, బోర్డు మీద ‘ధ’, కండక్టరు నోట ‘ద’, బస్సు మాత్రం ఆగుతూనే వుంది అని నవ్వించబోయాను. అతడు నవ్వలేదు.

ఇప్పుడు ఆదివారాలు మా ఇంటికి వచ్చి ధ, భ లు దిద్దుకుంటున్నాడు. పదిహేను రోజులకే ‘భీముడు’ గట్టిపడ్డాడు. దానికి బదులుగా ఒకరోజు మా బి.ఏ. తరగతికి తీసుకెళ్లి, చాప, చుక్క, జొన్న, జాడ అని అతనిచేత చెప్పించి పిల్లలచేత అనిపించాను. మొదట కిసకిసలు, తరవాత ఉత్సాహం. ఒక అమ్మాయి ఇంటికి పోయి వాళ్ల అమ్మమ్మ ముందు ఆ పాఠం అప్పజెప్పిందట. ఆవిడ బియ్యం చెరుగుతూ, “గిండ్ల నేర్సుకునేదేముందే? నువ్వు పుట్టినకాన్నుంచి నేను గట్లనే అంటున్నగద!” అన్నదట.